పద్దెనిమిది కంప్యూటర్లకు ఒకటే పేరు: మా స్కూల్ ల్యాబ్ డైరీ

మొదటి శనివారం

ఖమ్మం పక్కన నేను చదువుకున్న హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ మళ్లీ తెరిచారు. ఒక కంపెనీ తన ఆఫీసులో వాడి పక్కన పెట్టేసిన 18 డెస్క్‌టాప్‌లు ఇచ్చింది. నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాను. శని, ఆదివారాలు ఇంటికి వస్తాను కాబట్టి నెట్‌వర్క్ సంగతి చూడమని కంప్యూటర్ సార్ అడిగారు. ఈ డైరీ ల్యాబ్‌లోనే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చదవాలని కమాండ్‌లను పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెబుతాను.

సార్ చెప్పిన సమస్య ఇది. బెల్ కొట్టాక అన్ని మెషీన్లనూ తన టేబుల్ దగ్గర నుంచే ఆపుదామని ఆయన ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌నూ గుర్తించే అంకెలు) ఒక కాగితం మీద రాసుకున్నారు. మొన్న మంగళవారం ఖాళీగా ఉన్న మెషీన్ అనుకుని ఒకదానికి షట్‌డౌన్ కొడితే వేరేది ఆగిపోయింది. దాని ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి అమ్మాయి గంటసేపు టైప్ చేసిన తెలుగు వ్యాసం పోయింది. ఆ అమ్మాయి ఆ తర్వాత రెండు రోజులు ల్యాబ్‌కి రాలేదట. అది విన్నాక ఈ పని మీద నాకు పట్టుదల పెరిగింది.

ఒక్కో మెషీన్ దగ్గరా కూర్చుని టెర్మినల్ (కమాండ్‌లు కొట్టే కిటికీ) తెరిచాను. మొదటిదాని ప్రాంప్ట్, అంటే కమాండ్ కొట్టే చోటికి ముందు కనిపించే మాట, «స్టూడెంట్@ల్యాబ్‌పీసీ». రెండోదీ అదే. పద్దెనిమిదోదీ అదే! ఒక మెషీన్‌లో ఉబుంటు సర్వర్ (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించి, దాని మీద తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టి, ఆ డిస్క్‌ని క్లోనెజిల్లాతో మిగతా 17కి కాపీ చేశారు. ఆ పనిలో తప్పేమీ లేదు, నేనైనా అలాగే చేస్తాను. కానీ కాపీ అయ్యాక ఒక్కోదానికీ విడిగా పేరు పెట్టాలి. అది ఎవరూ చేయలేదు.

మెషీన్ పేరుని హోస్ట్‌నేమ్ అంటారు, దాన్ని చూడటానికి చాలా దారులున్నాయి. «హోస్ట్‌నేమ్» అని కొడితే పేరు ఒక్కటే వస్తుంది. «యూనేమ్ -ఎన్» కొట్టినా అదే వస్తుంది. «క్యాట్ /ప్రాక్/సిస్/కెర్నల్/హోస్ట్‌నేమ్» అంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటిది) తన మెమరీలో ఏ పేరు పెట్టుకుందో చూపిస్తుంది. ఇక «హోస్ట్‌నేమ్‌సీటీఎల్» అని ఒక్క మాట కొడితే పేరుతోపాటు మెషీన్ ఐడీ, ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నల్ వెర్షన్ అన్నీ వరసగా వస్తాయి. నాకు ఇదే ఇష్టం.

«హోస్ట్‌నేమ్»కి «-ఐ» తగిలించేటప్పుడు జాగ్రత్త. చిన్న ఐ పెడితే తన పేరుని తానే వెతుక్కుని దొరికిన అడ్రస్ చెబుతుంది. మా మెషీన్లలో అది 127.0.1.1, అంటే బయటివాళ్లకు పనికిరానిది. పెద్ద ఐ పెడితే నెట్‌వర్క్ కార్డులకు నిజంగా ఉన్న అడ్రస్‌లు చెబుతుంది. సార్ కాగితంలో మూడు చోట్ల 127.0.1.1 ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఆదివారం

కిటికీ పక్కన ఉన్న రెండు మెషీన్లతో మొదలుపెట్టాను. ఉదయం పిల్లలకు చూపిస్తూ తొందరలో «సుడో హోస్ట్‌నేమ్ పరీక్ష1» కొట్టాను («సుడో» అంటే అడ్మిన్ అధికారంతో చేయమని). ఎర్రర్ ఏమీ రాలేదు. ప్రాంప్ట్‌లో మాత్రం పాత పేరే ఉంది. «మారలేదక్కా» అన్నాడు వెనక నిలబడ్డ అబ్బాయి. నిజానికి మారింది. టెర్మినల్లో మన కమాండ్‌లు అందుకునే బ్యాష్ అనే ప్రోగ్రామ్ తాను మొదలైనప్పుడు చదువుకున్న పేరునే ప్రాంప్ట్‌లో చూపిస్తూ ఉంటుంది. కొత్త టెర్మినల్ తెరిస్తే కొత్త పేరు కనిపించింది. అందరూ సంతోషించారు.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మెషీన్ మళ్లీ లేచాక చూస్తే పేరు «ల్యాబ్‌పీసీ».

ఇది నాకు తెలిసిన విషయమే, అయినా తొందరలో మర్చిపోయాను. «హోస్ట్‌నేమ్» కమాండ్ కెర్నల్ మెమరీలో ఉన్న పేరును మాత్రమే మారుస్తుంది. మెషీన్ లేచిన ప్రతిసారీ సిస్టమ్‌డీ (మిగతా ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టేది) «/ఈటీసీ/హోస్ట్‌నేమ్» అనే ఫైలు చదివి, అందులో ఉన్న పేరు కెర్నల్‌కి చెబుతుంది. ఆ ఫైలు మారకపోతే కరెంటు పోయిన రోజున పేరు కూడా పోతుంది. అందుకని సరైన పద్ధతి: «సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ పరీక్ష1». ఇది ఫైలునూ కెర్నల్‌నూ ఒకేసారి మారుస్తుంది. కొత్త వెర్షన్లలో «హోస్ట్‌నేమ్‌సీటీఎల్ హోస్ట్‌నేమ్ పరీక్ష1» అని కూడా రాయొచ్చు, పాత పద్ధతి కూడా పనిచేస్తూనే ఉంది.

మెయిన్ స్విచ్ ఆపి వేసి చూశాను. ఈసారి పేరు నిలబడింది.

తర్వాత ఏ «సుడో» కమాండ్ కొట్టినా కొన్ని సెకన్లు ఆగి, «హోస్ట్ పరీక్ష1ని రిజాల్వ్ చేయలేకపోయాం» (ఆ పేరుకి అడ్రస్ దొరకలేదు) అన్న అర్థంతో ఇంగ్లీష్‌లో ఒక లైను వస్తోంది. పని మాత్రం జరుగుతోంది. ఆ లైను చూసి సార్‌కి టెన్షన్ పట్టుకుంది. కారణం «/ఈటీసీ/హోస్ట్స్» ఫైలు. ఉబుంటు, డెబియన్ ఇన్‌స్టాల్ అయినప్పుడు అందులో 127.0.1.1 ఎదురుగా మెషీన్ పేరు రాసి పెడతాయి, తన పేరు తనకు తెలియడం కోసం. మనం పేరు మార్చినా ఆ లైనులో «ల్యాబ్‌పీసీ» అనే ఉండిపోయింది. కొత్త పేరు ఎవరిదో మెషీన్‌కే తెలియక నెట్‌వర్క్‌లో వెతుక్కుంటోంది. «సుడో నానో /ఈటీసీ/హోస్ట్స్» అని తెరిచి ఆ ఒక్క మాట మార్చితే ఆలస్యం పోయింది. ఇక నుంచి హోస్ట్స్ ఫైలు ముందు మార్చి, పేరు తర్వాత మారుస్తాను.

ఈ ఫైలు చరిత్ర పిల్లలకు చెప్పాను, బాగా విన్నారు. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో మెషీన్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన బృందం ఆ ఫైలును చూసుకునేది. కొత్త మెషీన్ పెట్టినవాళ్లు ఆ బృందానికి చెప్పాలి, మిగతావాళ్లు ఆ ఫైలు తెచ్చుకోవాలి. మెషీన్లు పెరిగేకొద్దీ అది మోయలేని పని అయింది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను, అంటే పేర్లను ఒకే ఫైల్లో కాకుండా చాలా సర్వర్లకు పంచి వెతికే పద్ధతిని, రూపొందించాడు. ఆ పాత పద్ధతి గుర్తు ఇప్పటికీ మన ప్రతి మెషీన్‌లో «హోస్ట్స్» అన్న పేరుతో బతికే ఉంది. ఒక ఊరి పేర్లన్నీ ఒకే రిజిస్టర్లో రాసుకున్న ఆ మహిళ గురించి విన్నప్పటి నుంచి ఒక అమ్మాయి ల్యాబ్ రిజిస్టర్ తనకే కావాలంటోంది. ఇచ్చేశాను.

రెండో శనివారం

ఈ వారమంతా మనసు ఒక విషయం మీదే ఉంది. రెండు మెషీన్లకు పేర్లు వేరు చేశాను కదా, అయినా ఆ రెండింటికీ ఐపీ అడ్రస్ ఒకటే వస్తోంది. 192.168.1.37. ఒకటి నెట్‌లో ఉంటే రెండోది పడిపోతుంది. రెండోది లేస్తే మొదటిది పోతుంది. సార్ కాగితం ఎందుకు తప్పయిందో, ఆ అమ్మాయి వ్యాసం ఎందుకు పోయిందో దీనితో తేలిపోయింది. పేరు ఒక్కటే కాదు, ఇంకేదో కూడా కాపీ అయింది.

«క్యాట్ /ఈటీసీ/మెషీన్-ఐడీ» కొట్టాను. 32 అంకెలు, అక్షరాలు కలిసిన వరస వచ్చింది. పక్క మెషీన్‌లో కొట్టాను. అక్షరం కూడా తేడా లేదు. పిల్లలు ఇద్దరు రెండు స్క్రీన్ల ముందు కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు «ఉంది, ఉంది» అంటూ చివరిదాకా వచ్చారు.

నెట్‌వర్క్ కార్డులు రెండింటికీ మ్యాక్ అడ్రస్‌లు వేరే ఉన్నాయి. అవి కార్డుతో వస్తాయి, డిస్క్ కాపీ చేస్తే మారవు. మరి రౌటర్ రెండింటినీ ఒకటే అని ఎందుకు అనుకుంది? ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ పని చూసేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. అది రౌటర్‌ని అడ్రస్ అడిగేటప్పుడు మ్యాక్ అడ్రస్ చెప్పి ఊరుకోదు, మెషీన్ ఐడీ నుంచి తయారుచేసిన ఒక గుర్తింపు కూడా పంపుతుంది. మా రౌటర్ ఆ గుర్తింపునే నమ్ముతుంది. పద్దెనిమిది మంది ఒకే హాల్ టికెట్ పట్టుకుని వచ్చి ఒకే సీటు అడుగుతున్నట్టు అయింది.

మందు ఇది. «/ఈటీసీ/మెషీన్-ఐడీ» తీసేయాలి. «/వార్/లిబ్/డీబస్/మెషీన్-ఐడీ» కూడా తీసేయాలి. ఆ రెండో చోట పాత ఐడీ మిగిలి ఉంటే తర్వాత కొట్టే కమాండ్ దాన్నే తెచ్చి మళ్లీ పెడుతుంది. తర్వాత «సుడో సిస్టమ్‌డీ-మెషీన్-ఐడీ-సెటప్» కొట్టి రీబూట్ చేయాలి. చేశాను. ఒకదానికి 37 వచ్చింది, రెండోదానికి 41. పది నిమిషాలు పింగ్ (ఉన్నావా అని అడుగుతూ ఉండే కమాండ్) వదిలేసి టీ తాగి వచ్చాను. రెండూ నిలబడే ఉన్నాయి!

ఇంకొకటి కూడా అందరికీ ఒకటే అయి కూర్చుంది: ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) తాళాలు, అంటే మెషీన్ తానెవరో చూపించే గుర్తులు. అన్ని మెషీన్లూ ఒకే తాళం చూపిస్తే దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లకి తాము ఎక్కడికి వచ్చామో తెలుసుకునే దారే ఉండదు. «/ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్»లో «ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_» అని మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేసి, «సుడో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -పెద్ద ఏ» కొడితే కొత్తవి పుడతాయి. తర్వాత సార్ మెషీన్ నుంచి మొదటిసారి వెళ్లినప్పుడు «అవతలి మెషీన్ గుర్తింపు మారిపోయింది» అని పెద్ద హెచ్చరిక వస్తుంది. ఈ ఒక్కసారి అది మనం చేసిన పనే. «ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -పెద్ద ఆర్», పక్కన మెషీన్ పేరు, కొడితే పాత గుర్తు పోతుంది. మామూలు రోజుల్లో ఆ హెచ్చరిక కనిపిస్తే మాత్రం ముందుకు వెళ్లొద్దు, నాకు ఫోన్ చేయండి.

ఆదివారం, పేర్ల పంచాయితీ

ల్యాబ్1, ల్యాబ్2 అని పెడితే అయిపోతుంది కదా అన్నారు సార్. నాకు నచ్చలేదు. ల్యాబ్11, ల్యాబ్17 అని పిల్లలు హాలు ఇటు నుంచి అటు అరిస్తే సరిగ్గా వినపడదు. వరస మారిస్తే అంకెకీ చోటుకీ సంబంధం పోతుంది. 1990లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1178 అనే పత్రం కంప్యూటర్‌కి పేరు ఎలా పెట్టాలో చెబుతుంది. సొంత పేరు పెట్టొద్దు, రోజూ వాడే మాట పెట్టొద్దు, పొడుగు పేరు పెట్టొద్దు, రెండు రకాలుగా రాయగల పేరు పెట్టొద్దు, ఒక కోవకు చెందిన పేర్లు పెట్టుకోండి అంటుంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ సలహాల్లో ఒక్కటి కూడా పాతబడలేదు.

కోవ ఏదో పిల్లలనే అడిగాను. క్రికెటర్లు అన్నారు, స్వీట్లు అన్నారు. వెనక బెంచీ నుంచి «నదులు» అని వినపడింది. అందరూ ఒప్పుకున్నారు. రెండు రాష్ట్రాల నదులు బోర్డు మీద రాస్తూ పోతే పద్దెనిమిది దాటిపోయాయి.

నియమాలు చెప్పాను. ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో గీత, అంతే. ఖాళీ ఉండకూడదు, కింది గీత ఉండకూడదు, పేరు గీతతో మొదలవకూడదు, ముగియకూడదు. చుక్కల మధ్య ఒక ముక్క 63 అక్షరాలు దాటకూడదు. హెచ్‌ఎం మేడమ్ గదిలో విండోస్ కంప్యూటర్ కూడా ఇదే నెట్‌వర్క్‌లో ఉంది. విండోస్ పాత నెట్‌బయాస్ పద్ధతిలో 15 అక్షరాలే చూస్తుంది, కాబట్టి అదే మా హద్దు. స్వర్ణముఖి, తుంగభద్ర, గుండ్లకమ్మ, కిన్నెరసాని నాలుగూ ఇంగ్లీష్‌లో రాస్తే 11 అక్షరాలు.

అసలు గొడవ స్పెల్లింగ్ దగ్గర వచ్చింది. వంశధారలో శకి హెచ్ పెట్టాలా? మూసీకి యూ ఒకటా, ఓలు రెండా? పెన్నాకి చివర ఆర్ ఉంటుందా? మనం తెలుగులో ఒకేలా రాసే పేర్లను ఇంగ్లీష్ అక్షరాల్లోకి ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు రాస్తాం. మెషీన్‌కి అది చెల్లదు, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇంకో మెషీన్ కిందే లెక్క. ముప్పావు గంట వాదించుకుని పలికినదానికి దగ్గరగా, తక్కువ అక్షరాల్లో రాయాలని తేల్చుకున్నాం. ఆ స్పెల్లింగే రిజిస్టర్లో, స్టిక్కర్ మీద, ఫైల్లో. మూడు చోట్లా ఒకటే.

కృష్ణ పేరు వదులుకోవాల్సి వచ్చింది. ఆ పేరున్న అబ్బాయిలు క్లాసులో ఇద్దరున్నారు, «కృష్ణ హ్యాంగ్ అయింది» అని రోజూ అరిస్తే బాగుండదు. దాని బదులు తాండవ వచ్చింది.

సార్ మెషీన్‌కి ఏ పేరు అన్నప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా నది మున్నేరు. 2024 సెప్టెంబర్ 1న అది ఖమ్మంలోకి ఎలా వచ్చిందో ఈ పిల్లలు కళ్లారా చూశారు. ఆ పేరు వద్దేమో అని నాకే అనిపించి బోర్డు మీద తుడవబోయాను. రిజిస్టర్ పట్టుకున్న అమ్మాయి లేచి, «మా ఇంట్లో నడుముదాకా నీళ్లొచ్చాయక్కా. అయినా అది మనదే, ఉంచండి» అంది. ఉంచాను.

మూడో శనివారం

ఐపీలు కొట్టుకుంటున్నప్పుడు దూరం నుంచి లాగిన్ అయి ఏ పనీ చేయలేం. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెషీన్ మెషీన్‌కీ తిరగాల్సిందే. ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. పెన్‌డ్రైవ్‌లో ఒక జాబితా, లైనుకొక మ్యాక్ అడ్రస్, పక్కన నది పేరు. స్క్రిప్ట్ ముందు తన కార్డు మ్యాక్ అడ్రస్ «/సిస్/క్లాస్/నెట్» కింద చదువుకుంటుంది, జాబితాలో «గ్రెప్»తో వెతికి పేరు తీసుకుంటుంది, హోస్ట్స్ ఫైలు మారుస్తుంది, హోస్ట్‌నేమ్ మారుస్తుంది, మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు కొత్తవి చేస్తుంది, రీబూట్ అవుతుంది. పేరు దొరకకపోతే ఏమీ ముట్టుకోకుండా ఆగిపోవాలి. ఈ షరతు మర్చిపోతే ఖాళీ పేరు పెట్టేసి, ఉన్నది కూడా చెరిపేస్తుంది.

ఆ షరతే కాపాడింది. మ్యాక్ అడ్రస్‌లు పిల్లలు «ఐపీ లింక్» కొట్టి నోట్‌బుక్‌లో రాశారు. రెండు మెషీన్ల దగ్గర స్క్రిప్ట్ «పేరు లేదు» అని ఆగింది. చూస్తే ఒకచోట బీ అక్షరాన్ని 8 అని రాశారు, ఇంకోచోట డీని సున్నా అని. సరిదిద్దాక రెండూ వెళ్లాయి.

ప్రతి మెషీన్‌లో అవాహీ అనే ప్రోగ్రామ్ ఉంది. దానివల్ల ఐపీ గుర్తుపెట్టుకునే పని పోతుంది. «పింగ్ మంజీర.లోకల్» అంటే చాలు, ఆ పేరుగల మెషీన్ తానే జవాబిస్తుంది. మధ్యలో సర్వర్ ఏమీ అక్కర్లేదు. పద్దెనిమిదింటికీ వరసగా పింగ్ కొట్టాం. పదిహేడు పలికాయి. పాలేరు పలకలేదు. అదే సమయంలో అవాహీ జాబితాలో «కిన్నెరసాని-2» అని ఒకటి కనిపించింది. నేనెప్పుడూ పెట్టని పేరు. ఒకే పేరుతో రెండు మెషీన్లు వస్తే, వెనక వచ్చినదానికి అవాహీ తానే 2 తగిలిస్తుంది. జాబితాలో కిన్నెరసాని లైను కాపీ చేసి, మ్యాక్ మార్చి, పేరు మార్చడం మర్చిపోయాను. అదే పాలేరు. పేరు మార్చగానే పలికింది.

హెచ్‌ఎం మేడమ్ కంప్యూటర్‌కి పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్‌లు కొట్టే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి «రీనేమ్-కంప్యూటర్ -న్యూనేమ్», పక్కన పేరు, కొట్టి రీస్టార్ట్ చేశాను. చూడటానికి అక్కడ కూడా «హోస్ట్‌నేమ్» అన్న కమాండే. ఐదు నిమిషాల పని.

ఆదివారం

ఒక ప్రశ్న మిగిలింది. «మన నది పేరు తెలుగులో పెట్టలేమా అక్కా?»

నెట్‌వర్క్ పేరుగా ఇంగ్లీష్ అక్షరాలే వాడాలి, అది పాత నియమం. డొమైన్ పేర్లలో తెలుగు రాస్తే, ఉదాహరణకు .భారత్ కింద, లోపల అది ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌గా మారి ప్రయాణిస్తుంది. కానీ హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఒక్క పేరు కాదు, మూడు పేర్లు చూసుకుంటుంది. ఫైల్లో నిలిచేది స్టాటిక్. ప్రస్తుతానికి కెర్నల్‌లో ఉండేది ట్రాన్సియెంట్. మనుషులు చదవడానికి ఉన్నది ప్రెటీ. ఈ మూడోదానిలో ఏ లిపి అయినా, ఖాళీలైనా రాసుకోవచ్చు. «సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ --ప్రెటీ» అని ఇంగ్లీష్‌లో కొట్టి, కీబోర్డ్ మార్చి, కోట్స్ మధ్య తెలుగులో మున్నేరు అని టైప్ చేసింది రిజిస్టర్ అమ్మాయి. అది «/ఈటీసీ/మెషీన్-ఇన్ఫో» ఫైల్లో చేరింది.

సార్ మెషీన్‌కి బ్లూటూత్ డాంగిల్ ఉంది. లైనక్స్‌లో బ్లూటూత్ చూసుకునే బ్లూజెడ్ ఈ ప్రెటీ పేరునే బయటికి చెబుతుంది. సార్ ఫోన్‌లో బ్లూటూత్ జాబితా తెరిచి అందరికీ చూపించారు. హెడ్‌ఫోన్ల మోడల్ నంబర్ల మధ్య తెలుగులో «మున్నేరు» అని ఉంది. పిల్లలు ఆ ఫోన్‌ని చేతుల మీదుగా చివరి బెంచీ దాకా పంపించుకున్నారు.

ఆ సాయంత్రం మిగతా పదిహేడింటికీ తెలుగు పేర్లు వాళ్లే పెట్టుకున్నారు. నేను ఒక్క కీ కూడా ముట్టుకోలేదు.

గురువారం, హైదరాబాద్ నుంచి

మధ్యాహ్నం స్కూల్ నుంచి ఫోన్. ఇంతకుముందు అయితే «మూడో వరసలో ఫ్యాన్ కింద, కిటికీ నుంచి రెండోది» అని మొదలయ్యేది, నేను ఊహించుకుంటూ కూర్చునేదాన్ని. ఈసారి అవతల గొంతు, «అక్కా, శబరికి నెట్ రావట్లేదు. హోస్ట్‌నేమ్ -పెద్ద ఐ కొడితే ఖాళీగా వస్తోంది» అంది. కేబుల్ చూడమన్నాను. స్విచ్ వైపు ఊడి ఉందట. గట్టిగా పెట్టి మళ్లీ కొట్టి, అడ్రస్ చదివి వినిపించింది. రిజిస్టర్లో రాసుకోమని చెప్పేలోపే రాసేసుకున్నానంది.